సీలు విప్పని ఆ రెండు బస్తాలను తిరిగి ఇవ్వకండి

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా. ఆరు గేదెల పాడి మీదే నేనూ నా భార్యా బతుకుతున్నాం. రెండు నెలల కిందట తెలిసినాయన దుకాణంలో పది బస్తాల కంపెనీ దాణా తీసుకున్నాను. బిల్లు ఇవ్వలేదు, డబ్బు ఫోన్‌లో కట్టాను. పాలలో అఫ్లటాక్సిన్ ఉందని పాల కేంద్రం వారు మూడు వారాలు పాలు తీసుకోలేదు. విప్పిన బస్తాల్లో మిగిలిన దాణాను పెంటకుప్పలో పోశాం. రెండు బస్తాలు విప్పకుండా ఉన్నాయి. వాటిని ఇచ్చేస్తే దాణా ఖరీదు, పైన ఐదు వేలు ఇస్తానని దుకాణదారు అంటున్నాడు. ఆహార భద్రత అధికారికి ఫిర్యాదు చేస్తే నష్టపరిహారం వస్తుందా?

జవాబు: ఇక్కడ కుదించి ఇచ్చిన మీ ఉత్తరంలో ఎక్కువ భాగం దుకాణదారు మాట మార్చిన తీరు గురించే ఉంది. ఆ గొడవతో కేసు తేలదు. పాలలో కనిపించిన విషం ఆ కంపెనీ దాణా నుంచే వచ్చిందనీ, ఆ దాణా మీ కొట్టంలోకి రాకముందే చెడి ఉందనీ రుజువు చేయగలరా లేదా అన్నదే ఇందులో తేలవలసిన విషయం.

దాణాకు పట్టిన బూజు నుంచి పుట్టే అఫ్లటాక్సిన్ బి1ను గేదె తింటే, అందులో కొంత ఎం1గా మారి ఒకటి రెండు రోజుల్లోనే పాలలోకి దిగుతుంది. ఆ దాణా మానేస్తే కొద్ది రోజుల్లో పోతుంది కూడా. కనుక ఇవాళ్టి పాలు పరీక్ష చేయించడం డబ్బు దండగ. అప్పటి పాల పరీక్ష నివేదిక మీ చేతిలో ఉండాలి. నోటిమాటగా విని ఇన్నాళ్లు ఊరుకోవడం మీ తప్పే. తేదీతో, కిలోకు ఎన్ని మైక్రోగ్రాములో అంకెతో సహా నివేదిక నకలు ఇవ్వమని పాల కేంద్రాన్ని రాతపూర్వకంగా అడగండి. పాలలో ఎం1కు అనుమతించిన గరిష్ఠ పరిమితి 0.5 మైక్రోగ్రాములు. పరీక్షించిన నమూనా మీ క్యానులోంచి తీసిందా, పదిమంది పాలు కలిసిన ట్యాంకులోంచి తీసిందా అన్నది కూడా అందులో స్పష్టంగా ఉండాలి. ట్యాంకు నమూనా అయితే అది మీ ఒక్కరి పాల గురించి ఏమీ చెప్పదు.

ఆహార భద్రత అధికారి దగ్గరకు వెళ్లి ప్రయోజనం లేదు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం మూడో సెక్షన్‌లోని 'ఆహారం' నిర్వచనం నుంచి పశువుల దాణాను మినహాయించారు. దాణా తయారీకీ అమ్మకానికీ లైసెన్సు తప్పనిసరి చేస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ప్రత్యేక చట్టం వచ్చింది. దాని కింద పశుసంవర్ధక శాఖకు ఫిర్యాదు ఇవ్వండి. అయితే మీకు డబ్బు ఇప్పించగలిగేది జిల్లా వినియోగదారుల కమిషన్.

అక్కడ ముందుగా ఎదురయ్యే అభ్యంతరం, పాల వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారులు కారని. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే కొన్నవారికి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో ఆ అడ్డు లేదు కనుక, గేదెల పని మీరిద్దరే చేసుకుంటున్నారని ఫిర్యాదులో తప్పక రాయించండి. ఫిర్యాదును అదే చట్టంలోని 'ఉత్పత్తి బాధ్యత' (సరుకు వల్ల జరిగిన హానికి తయారీదారు, అమ్మకందారు పూచీ) కింద మాత్రమే వేయించకండి, ఎందుకంటే ఆ అధ్యాయంలో 'హాని' అన్న మాటలోకి వ్యాపార నష్టం రాదు. 'సరుకులో లోపం' కింద అడగాలి. బస్తా మీద ఐఎస్‌ఐ గుర్తు ఉంటే మీ పని సులువవుతుంది, ఎందుకంటే పశువుల దాణాకు వర్తించే ఐఎస్ 2052 ప్రమాణం ప్రకారం బి1 కిలోకు 20 మైక్రోగ్రాములు దాటకూడదు.

ఇక దుకాణదారు ఇస్తానన్న డబ్బు సంగతి. ఆ రెండు బస్తాలు గుమ్మం దాటాయంటే మీ కేసు కూడా వాటితోపాటే పోయినట్టు. వానల్లో మీ కొట్టంలోనే బూజు పట్టిందని కంపెనీ తరఫు వకీలు తప్పక వాదిస్తాడు. పెంటకుప్పలో పోసిన దాణాతో దానికి జవాబు చెప్పలేరు. కంపెనీ కుట్టు ఊడని బస్తాతోనే చెప్పగలరు. బిల్లు లేదని ఇంకో దుకాణంలో పాత తేదీతో రాయించుకునే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. అది ఫోర్జరీ, ముద్దాయిగా నిలబడేది మీరే. బిల్లు ఇవ్వకపోవడం అమ్మినవాడి వైపు అనుచిత వ్యాపార పద్ధతి అవుతుంది. మీకు ఫోన్ చెల్లింపు రికార్డు, బ్యాంకు స్టేట్‌మెంటు చాలు. ఫోన్ రికార్డుకు భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద, ఎలక్ట్రానిక్ రికార్డులకు అడిగే ధ్రువపత్రం జతచేయాలి.

ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు ఉందని నిశ్చింతగా ఉండకండి. బూజు అన్నాళ్లు ఆగదు, బస్తా మీద అచ్చువేసిన వాడకపు గడువు దాటితే ఎదుటివారికి ఇంకో వాదన దొరుకుతుంది. ఈ వారంలోనే బస్తాలను తడి తగలని చోట చెక్కల మీదికి ఎత్తించి, పశువైద్యాధికారి, ఇద్దరు ఊరివారి సమక్షంలో తూకం వేసి, బ్యాచ్ నంబరు, మూతి కుట్టు, ఆ కుట్టులో కలిపి కుట్టిన చీటీ దగ్గరగా కనిపించేలా ఫోటోలు తీయించి, పంచనామా రాయించండి. మీరుగా విప్పి గుప్పెడు దాణా పరీక్షకు పంపకండి. ఈ విషం బస్తా అంతా ఒకే తీరుగా ఉండదు, కనుక పలుచోట్ల నుంచి తీసి కలిపిన నమూనా కావాలి. ఎదుటివారి పరోక్షంలో తీసిన నమూనాను వారు ఒప్పుకోరు కూడా. ఉమ్మడిగా నమూనా తీయడానికి రమ్మని కంపెనీకీ దుకాణదారుకూ లాయరు నోటీసు పంపించండి. రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద కమిషనే నమూనాకు సీలు వేసి ప్రయోగశాలకు పంపాలని ఫిర్యాదుతోపాటే దరఖాస్తు పెట్టించండి. పరీక్ష రుసుము మీరే జమ చేయాలి. సరుకు కోసం కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపే గనుక ఫిర్యాదుకు రుసుము లేదు, మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. రాజీకి మీరు సిద్ధమే అయితే, నమూనా నివేదిక వచ్చాక కమిషన్ మధ్యవర్తిత్వంలో రాతపూర్వకంగా చేసుకోండి. అందులో బస్తాల ఖరీదుతోపాటు మూడు వారాల పాల డబ్బు కూడా అడగండి. పాల కేంద్రం పాసుపుస్తకంలో అంతకు ముందు మూడు నెలల లెక్క ఉంటే ఆ మొత్తం తేలిగ్గా తేలుతుంది.