డకోటాలు రెండెందుకు?

ప్రశ్న: మొన్న అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో గోడ మీద మ్యాపు చూస్తే నార్త్ డకోటా, సౌత్ డకోటా అని రెండు కనిపించాయి. అక్కడ జనమే పెద్దగా ఉండరట. మరి రెండు రాష్ట్రాలెందుకు? మనలాగే కొట్లాడి విడిపోయారా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కొట్లాట ఉంది గానీ మన తరహా కాదండీ. విడిపోవాలని ముఖ్యంగా దక్షిణంవాళ్ళు అడిగారు, ఏళ్ళ తరబడి నాన్చింది వాషింగ్టన్.

అప్పటికి డకోటా రాష్ట్రం కాదు, టెరిటరీ. దాదాపు మన కేంద్రపాలిత ప్రాంతం అనుకోండి. గవర్నర్ని అధ్యక్షుడు పంపిస్తాడు, కాంగ్రెస్‌లో, అంటే అక్కడి పార్లమెంటులో, ఒక ప్రతినిధి కూర్చుంటాడు, మాట్లాడొచ్చు, ఓటు లేదు. ఈ పద్ధతికి మూలం 1787లో ఒహాయో నదికి ఉత్తరాన ఉన్న భూముల కోసం చేసిన చట్టం: బానిసలు కాని వయోజన మగవాళ్ళు 5,000 మంది ఉంటే సొంత శాసనసభ, స్వేచ్ఛా జనాభా 60,000 అయితే రాష్ట్ర హోదా. కాగితం మీద అంతే. కానీ కొత్త రాష్ట్రం వస్తే ఇద్దరు సెనేటర్లు (ఎగువసభ సభ్యులు) వస్తారు, వాళ్ళు ఏ పార్టీవాళ్ళవుతారన్నది చూసుకోకుండా ఎవరూ తలుపు తీయరు కదా! నెవాడాకి 1870 లెక్కల్లో కూడా 42 వేల జనమే, అయినా లింకన్ ఎన్నికకు ఎనిమిది రోజుల ముందు, 1864లో, తన రాష్ట్ర రాజ్యాంగం మొత్తం టెలిగ్రాఫ్‌లో కొట్టి పంపించి మరీ రాష్ట్రం అయిపోయింది. డకోటాకి 1880లోనే 1,35,000 మంది ఉన్నారు. అక్కడ గెలిచేది రిపబ్లికన్లు, కాబట్టి డెమోక్రాట్లు ఆపారు.

ఇక లోపలి గొడవ. ఉత్తరం ఒక రైలు మార్గం మీద, దక్షిణం ఇంకో రైలు మార్గం మీద పెరిగాయి, ఒకరితో ఒకరికి పనే పడేది కాదు. రాజధాని యాంక్టన్ దక్షిణాన ఓ మూల ఉండేది. 1883లో దాన్ని మార్చడానికి కమిషన్ వేశారు, అయితే కమిషన్ మొదటి సమావేశం యాంక్టన్‌లోనే జరగాలని చట్టంలో ఉంది, ఊరివాళ్ళేమో అడ్డుకోవడానికి కాచుకుని ఉన్నారు. సభ్యులు ఏం చేశారంటే తెల్లవారుజామున స్పెషల్ రైలెక్కి, రైలు ఊరి పొలిమేర దాటేలోపు పెట్టెలోనే సమావేశం కానిచ్చేశారు! రాజధాని ఉత్తరాన బిస్మార్క్‌కి పోయింది. దక్షిణంవాళ్ళ మంట ఊహించుకోండి.

1888లో రిపబ్లికన్లు గెలిచాక దారి తెరుచుకుంది, రెండయితే నలుగురు సెనేటర్లు కూడాను. 1889 నవంబరు 2న అధ్యక్షుడు హారిసన్ సంతకాలు పెట్టాడు. ఎవరు ముందని పేచీ రాకుండా కాగితాల పైభాగం కప్పించి, వాటిని కలిపేసి సంతకం చేశాడట, ఏది ముందో ఇప్పటికీ తెలీదు. అక్షరక్రమం చూసి నార్త్‌ని 39వది అన్నారు, సౌత్‌ని 40వది. మన ఉత్తరం, దక్షిణం అని రాసినా ఉత్తరమే ముందొస్తుంది లెండి.

అదే ఏడాది మార్చిలో లకోటా అనే ఆదివాసీ తెగల పెద్ద రిజర్వేషన్‌ని, అంటే వాళ్ళకి కేటాయించిన భూమిని, చట్టం చేసి ముక్కలు చేశారు, 90 లక్షల ఎకరాల దాకా బయటివాళ్ళకి తెరిచారు. రాష్ట్రాల కథ చెప్పేవాళ్ళు దీన్ని చాలాసార్లు వదిలేస్తారు.

మనతో పోలికంటారా, మన పార్లమెంటు అసెంబ్లీ ఒప్పుకోకపోయినా రాష్ట్రాన్ని విడదీయగలదు, 2014లో చూశాం. అక్కడ ఒకసారి రాష్ట్రమయ్యాక దాని శాసనసభ సమ్మతి లేకుండా కుదరదు. డకోటా టెరిటరీగా ఉన్నప్పుడే విడిపోయింది కాబట్టి కాంగ్రెస్ సరే అంటే సరిపోయింది.

ప్రశ్న: ఇంకా టెరిటరీలు ఉన్నాయా? – అదే పాఠకుడు

జవాబు: ఉన్నాయి. గువామ్, ప్యూర్టోరికో లాంటివి. ప్యూర్టోరికో 1898 నుంచీ అమెరికా చేతిలో ఉంది, జనం 30 లక్షల పైమాటే, 1917 నుంచి పౌరసత్వం కూడా ఉంది. వాళ్ళ ప్రతినిధికి కాంగ్రెస్‌లో బిల్లుల మీద తుది ఓటు ఇప్పటికీ లేదు.