ఒకే సంఘానికి రెండు రకాల మార్కులా?

ప్రశ్న: మా రైతు ఉత్పత్తిదారుల సంఘం వేరుశనగ కొని, గ్రేడింగ్ చేసి, విత్తనంగా అమ్ముతుంది. మా పనితీరును ఇద్దరు కన్సల్టెంట్లతో మదింపు చేయించాం. సీఎంఎంఐ నమూనాతో (సంస్థ పనితీరు ఎంత పరిణతి చెందిందో స్థాయిల్లో చెప్పే పద్ధతి) చూసినవారు సంఘం మొత్తానికి ఒకటో స్థాయి ఇచ్చారు. పని ప్రక్రియల సామర్థ్యాన్ని కొలిచే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 33020 ప్రకారం చూసినవారు కొనుగోలుకు మూడు, నిల్వకు ఒకటి ఇచ్చారు. దేన్ని నమ్మాలి?
– ఒక కార్యదర్శి, అనంతపురం

జవాబు: రెండు నివేదికలూ చెబుతున్న సంగతి ఒకటే, లెక్క కట్టిన తీరు వేరు. సీఎంఎంఐలో సంస్థకంతటికీ కలిపి ఒక స్థాయి ఇచ్చేటప్పుడు ఆ స్థాయికి నిర్దేశించిన ప్రక్రియలన్నీ నెగ్గాలి. ఒక్కటి తప్పినా, తక్కినవి ఎంత బాగున్నా సంస్థ కింది మెట్టు మీదే ఉండిపోతుంది. మీ కొనుగోలును నిల్వ అలాగే కిందికి లాగింది. ఐఎస్ఓ 33020 ప్రతి ప్రక్రియనూ విడిగా, సున్నా నుంచి అయిదు దాకా కొలుస్తుంది. పై స్థాయి దక్కాలంటే కింది స్థాయిల లక్షణాలు 85 శాతానికి మించి నెరవేరి ఉండాలి. విడివిడిగా కొలిచే వెసులుబాటు సీఎంఎంఐలోనూ ఉంది గనుక, నమూనా పేరు కంటే ఏ తీరున లెక్కించారన్నదే మీరు ముందుగా అడగవలసిన ప్రశ్న.

ఈ రెండింటి మూలాలూ సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్నాయి. సీఎంఎంఐకి ముందటి సీఎంఎం 1991లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి వెలువడింది. కాబట్టి ఆ మాటలను మీ గోదాము భాషలోకి తెచ్చుకోవాలి. ధ్రువీకృత వేరుశనగ విత్తనంలో తేమ 9 శాతం మించకూడదు. గోదాము చూసుకునే మనిషి కాయను చేత్తో గలగలలాడించి ఎండిందని చెబితే, పని జరుగుతోంది, అది ఒకటో స్థాయి. ఎప్పుడు, ఎవరు కొలవాలో ముందే నిర్ణయించుకుని, తేమ మీటరు చూపిన అంకెను లాట్ నంబరుతో రిజిస్టరులో రాసి, పైవారు సరిచూస్తే రెండు. సంఘానికున్న గోదాములన్నిటా అదే పద్ధతి రాతపూర్వకంగా అమలై, ఆ మనిషి సెలవులో ఉన్నా పని ఆగకపోతే మూడు. నాలుగు, అయిదు స్థాయిల కోసం ఇప్పుడు డబ్బు వెచ్చించవద్దని నా గట్టి అభిప్రాయం.

మూడునూ ఒకటినీ కలిపి సగటు రెండు అనుకోవడం మాత్రం పెద్ద పొరపాటు, ఎందుకంటే కొనుగోలు ఎంత పకడ్బందీగా ఉన్నా, గోదాములో బూజు పట్టిన విత్తనం మొలకెత్తదు. కొనుగోలుదారు టెండరులో ఒకే స్థాయిని అడిగితే తప్ప ప్రక్రియలవారీ నివేదికనే దగ్గర పెట్టుకుని, ముందు నిల్వ మీద దృష్టి పెట్టండి. వచ్చే మదింపును కూడా అదే కొలతతో, కొత్త పంట గోదాముకు చేరిన తరువాత, రిజిస్టర్లు ముందు పెట్టుకుని చేయించండి.