ఏజెంటుకి రెరా నంబరు ఉంటే నమ్మొచ్చా?

శంకర్‌పల్లి వైపు ప్లాటు చూపిస్తున్న ఏజెంటు "నాకు రెరా ఉంది సార్" అంటున్నాడు, ఆ మాట మీద టోకెన్ ఇచ్చేయొచ్చా అని అడిగారు. రెరా అంటే రియల్ ఎస్టేట్ వ్యాపారాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ. అది ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే మంచిదే, అడిగి తీసుకోండి. కానీ ఆ నంబరు ఎవరిదో, దేనికిచ్చారో చూడకుండా రూపాయి కూడా ఇవ్వకండి.

2016 రెరా చట్టం ప్రకారం రిజిస్టర్ కావలసిన వెంచర్లలో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు తాను కూడా విడిగా రిజిస్టర్ అయి ఉండాలి. "నేను ఏజెంటుని కాదండీ, చానెల్ పార్టనర్‌ని" అనేవాళ్లు చాలామంది తగులుతారు. కొనేవాళ్లనీ అమ్మేవాళ్లనీ కలిపి కమీషన్ తీసుకుంటే, పేరు ఏం పెట్టుకున్నా చట్టం లెక్కలో ఏజెంటే.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా మామయ్య రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బులోంచి సంగారెడ్డి దగ్గర ఒక వెంచర్లో ప్లాటుకి రెండు లక్షలు టోకెన్ ఇచ్చారు. బ్రోచర్ చివరి పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో రెరా నంబరు ఉంది. తెలంగాణ రెరా వెబ్‌సైట్లో కొట్టి చూస్తే ప్రాజెక్టు దొరికింది. అక్కడ పెట్టిన వివరాల్లో సర్వే నంబర్లు వరసగా చూసుకుంటూ వెళ్తే, మామయ్య ప్లాటున్న సర్వే నంబరు మాత్రం లేదు. ఆ రిజిస్ట్రేషన్ ఫేజ్ వన్‌ది, మాకు చూపించింది ఫేజ్ టూ! అడిగితే ఏజెంటు, "అప్లై చేశారు సార్, ఇవాళో రేపో వచ్చేస్తుంది, వచ్చాక గజానికి రేటు పెరుగుతుంది" అన్నాడు. ఒక్కో ఫేజునీ విడి ప్రాజెక్టుగా రిజిస్టర్ చేయాలని చట్టంలోనే ఉంది. అది కాకముందు అమ్మడమే కాదు, ప్రకటన ఇవ్వడం కూడా తప్పే.

అయితే అతని విజిటింగ్ కార్డు మీద ఏజెంటు నంబరు ఉంది. (తెలంగాణలో ప్రాజెక్టు నంబర్లు 'పి'తో, ఏజెంట్లవి 'ఏ'తో మొదలవుతాయి. ఒకటి చూపించి రెండోది కూడా ఉన్నట్టు మాట్లాడతారు, జాగ్రత్త.) మా డబ్బు వెనక్కి రావడానికి ఆ నంబరే పనికొచ్చింది. కాగితం మీద రాసి ఇచ్చాం: రిజిస్టర్ కాని ప్రాజెక్టులో అమ్మకం కుదర్చకూడదని సెక్షన్ 10 చెప్తోంది, కుదిరిస్తే సెక్షన్ 62 కింద రోజుకి 10,000 రూపాయల చొప్పున, ప్లాటు ధరలో 5 శాతం దాకా జరిమానా పడొచ్చు, డబ్బు ఇవ్వకపోతే రెరాకి వెళ్తాం అని. మొదట బుజ్జగించాడు, తర్వాత కొన్నాళ్లు ఫోనెత్తలేదు, చివరికి టోకెన్ మొత్తం మామయ్య అకౌంట్లో వేశాడు. రిజిస్ట్రేషన్ పోతే రేపటి నుంచి వ్యాపారం నడవదన్న భయం బాగా పనిచేసిందని నా నమ్మకం.

మా వీధిలోనే ఇంకొకాయన ఏ నంబరూ లేని మధ్యవర్తికి క్యాష్ ఇచ్చారు. అలాంటివాడి మీద కూడా రెరాలో ఫిర్యాదు చేయొచ్చు. కానీ రసీదు లేదు, ఇచ్చిన అడ్రసులో మనిషి లేడు. ఆయన టెన్షన్ చూస్తే మాకే కడుపు తరుక్కుపోయేది.

చట్టంలో నాకు మింగుడుపడనిది ఒకటుంది. ఏజెంటుకి చదువు, శిక్షణ, పరీక్ష ఏదీ అది అడగదు. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తనఖాలు చూపించే కాగితం) చదవడం రానివాడు కూడా జనం జీవితకాలపు సంపాదనతో ఆడుకోవచ్చు. మహారాష్ట్ర రెరా 2023లో ఏజెంట్లకి శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేసింది. ప్రతి రాష్ట్రమూ ఆ పని చేయాలి. పాత ఇళ్ల రీసేల్, అద్దెలు కుదిర్చేవాళ్లకైతే రెరా రిజిస్ట్రేషనే అక్కర్లేదు, అక్కడ మీ జాగ్రత్తే మీకు దిక్కు.

మీ విషయానికొస్తే, ఏజెంటు నంబరు, ప్రాజెక్టు నంబరు రెండూ సైట్లో చూడండి, గడువు అయిపోయిందేమో కూడా. మీ ప్లాటు సర్వే నంబరు అందులో ఉండి తీరాలి. డబ్బు ఏజెంటు చేతికి కాకుండా ప్రాజెక్టు అకౌంటుకే పంపండి. అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకునే హక్కు వెంచర్ వేసిన కంపెనీకి లేదు. ఎక్కువ అడిగితే సెక్షన్ 13 అనండి.