కరెంటు పోయినప్పుడల్లా మారే అడ్రస్

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. మిర్చి కల్లం మీద కెమెరా పెట్టాం. రికార్డింగ్ ఇంట్లో ఉన్న రాస్‌ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్‌లోకి పోతుంది. కరెంటు పోయి వస్తే చాలు, ఇంటి ఐపీ అడ్రస్ మారుతుంది. హన్మకొండలో ఉద్యోగం చేసే నాకు ఇక కల్లం కనపడదు. మారే ఐపీని ఎప్పటికప్పుడు ఒకే పేరుకు కలిపిపెట్టే ఫ్రీ డైనమిక్ డీఎన్‌ఎస్ సర్వీసు వాడాను. నెలనెలా మెయిల్‌లో నొక్కి ‘ఉన్నాను’ అని చెప్పాలట. ఒక నెల మరిచిపోతే పేరే తీసేశారు. ఆ సర్వీసేదో నేనే నడుపుకోలేనా సార్?

జవాబు: నడుపుకోవచ్చు. అయితే ముందు రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ, అంటే నెట్ కంపెనీ మీ రౌటర్‌కు ఇచ్చిన అడ్రస్, చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే ఆగిపోండి. ఒకే పబ్లిక్ అడ్రస్‌ను చాలామంది కస్టమర్లకు పంచే కంపెనీల కోసం 2012లో పక్కన పెట్టిన అడ్రస్‌లు అవి. 10తో మొదలైనా అదే కథ. మీరు ఏ పేరు పెట్టుకున్నా బయటి నుంచి మీ గడప దాకా ఎవరూ రాలేరు. కంపెనీని పబ్లిక్ ఐపీ అడగండి.

అది దొరికితే సొంత డొమైన్, మారని అడ్రస్ ఉన్న చిన్న వీపీఎస్ (నెట్‌లో అద్దెకు దొరికే సర్వర్) తీసుకోండి. సర్వర్ కూడా ఇంట్లోనే పెడతానంటే కుదరదు. తన అడ్రసే నిలకడగా లేనివాడు ఇంకొకరి అడ్రస్ ఏం చెప్తాడు? వీపీఎస్‌లో బైండ్ అనే డీఎన్‌ఎస్ సర్వర్ సాఫ్ట్‌వేర్ వేసి, డొమైన్ కొన్నచోట ఒక సబ్‌డొమైన్‌కు ఎన్‌ఎస్ రికార్డుతో (ఆ పేర్ల అడ్రస్‌లు ఏ సర్వర్‌ను అడగాలో చెప్పే రికార్డు) దాన్ని చూపించండి. వీపీఎస్‌లో డీఎన్‌ఎస్ వాడే పోర్ట్ 53ను యూడీపీ, టీసీపీ రెండింటికీ తెరవాలి. టీసిగ్ కీ (మార్పు పంపింది మీరేనని సర్వర్‌కు రుజువు చేసే రహస్య కీ) ఒకటి తయారుచేసి, ఆ కీతో మీ ఇంటి పేరు ఒక్కటే మార్చే వీలుండాలని రాయండి. టీటీఎల్, అంటే పాత అడ్రస్‌ను మిగతావాళ్లు గుర్తుంచుకునే సమయం, 60 సెకన్లు చాలు. ఇక రాస్‌ప్‌బెరీ పై నుంచి ఎన్‌ఎస్‌అప్‌డేట్ అనే కమాండ్ కొత్త అడ్రస్ పంపుతుంది. 1997 నుంచీ ఉన్న పద్ధతే ఇది. రాస్‌ప్‌బెరీ పైకి ఇంటి లోపలి తన 192.168 అడ్రస్ తప్ప తెలియదు కదా, అందుకని అడిగినవాడి ఐపీ తిరిగి చెప్పే చిన్న పేజీ వీపీఎస్‌లోనే పెట్టుకోండి.

నేను దెబ్బతిన్నది వేరేచోట. నా రాస్‌ప్‌బెరీ పై 4లో సొంత గడియారం లేదు. రెండు గంటలు కరెంటు పోయి వస్తే, పోయినప్పటి టైముతోనే లేస్తుంది. టీసిగ్‌లో మామూలుగా రెండువైపుల గడియారాలకు 300 సెకన్లకు మించి తేడా ఉంటే సర్వర్ ఒప్పుకోదు. నా స్క్రిప్టేమో ఆన్ కాగానే ఒకసారి నడిచి ఊరుకునేది. నేను వచ్చి కూర్చునేసరికి నెట్ నుంచి టైము సరిపోయి ఉండేది, తప్పు దొరికేది కాదు. కీదే తప్పనుకుని మూడుసార్లు మార్చాను. చివరికి లాగ్‌లో ‘బ్యాడ్‌టైమ్’ అన్న మాట కనబడింది. మీరు స్క్రిప్టును క్రాన్‌లో (టైము ప్రకారం పనులు నడిపేది) ఐదు నిమిషాలకోసారి నడిచేలా పెట్టేయండి, ఈ టెన్షన్ ఉండదు.

కెమెరా పోర్టును మాత్రం నేరుగా బయటికి తెరవకండి. రాస్‌ప్‌బెరీ పైలో వైర్‌గార్డ్ (బయటి నుంచి ఇంటి నెట్‌లోకి రహస్య దారి ఇచ్చే వీపీఎన్) పెట్టి, రౌటర్‌లో దాని పోర్టు ఒక్కటే తెరవండి. ఫోన్‌లో వైర్‌గార్డ్ ఆన్ చేసినప్పుడే పేరుకు అడ్రస్ వెతుక్కుంటుంది కాబట్టి, ఊళ్లో కరెంటు పోయి వచ్చాక కల్లం కనపడకపోతే ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి.