మెరుపు నీళ్ళ గురించి అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఫ్రెండు, కరెంటుతో నీళ్ళకి చిన్న చిన్న మెరుపులు తగిలించే ప్లాస్మా మెషీన్ చేశాడనీ, మూడెకరాల వడ్లూ ఆ నీళ్ళలోనే నానబెట్టి ఎద జల్లుతావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అప్పట్నుంచీ నాకు టెన్షన్‌గా ఉంది. ఈ ఏటికి అంత పని చెయ్యకురా. గుప్పెడు గింజలతో మొదలుపెట్టు.

ఆ నీళ్ళలో బలం ఉన్న మాట నిజమే. ఉరుముల వాన పడితే చేను పచ్చబడుతుందని మీ తాత అనేవాడు. మెరుపు వేడికి గాలిలోని నత్రజని ప్రాణవాయువుతో కలిసి, వాన నీళ్ళలో నైట్రేటుగా దిగుతుంది. మెషీన్ చేసేదీ అదే. దాంతోపాటు హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా పుడుతుంది. అది కొద్దిగా తగిలితే గింజ ముందే మేలుకుని, బెట్టను తట్టుకునే ఎంజైములు సిద్ధం చేసుకుంటుంది. మన గుణుపురం గరువుల్లో ఎద జల్లాక వాన 15 రోజులు ముఖం చాటేస్తే మొలక ఏమవుతుందో చూశావు కదా, అలాంటప్పుడు ఇది ఆదుకోవచ్చు. మోతాదు మించితే మాత్రం గింజే పాడవుతుంది. విత్తనాల ఫారంలో చేరిన కొత్తలో నేను పొటాష్ నీళ్ళు చిక్కగా కలిపి బస్తా వడ్లు నానబెట్టాను. నాలుగో రోజు గోనెపట్టా విప్పితే వేరు కొసలన్నీ గోధుమరంగుకి తిరిగి, వేలు తగిలితే ఊడొచ్చాయి.

అందుకని మూడు తడి గోనెపట్టాల్లో వందేసి గింజలు లెక్కపెట్టి మూటకట్టు. ఒకదాంట్లో నానబెట్టని గింజ, ఒకదాంట్లో నూతి నీళ్ళలో 12 గంటలు నానినది, ఇంకోదాంట్లో ప్లాస్మా నీళ్ళలో అంతే సేపు నానినది. ఆ నడిమి మూట మాత్రం మానకు. వడ్లు ఉత్త నీళ్ళలో నానినా చురుగ్గా మొలుస్తాయి. అది పక్కన లేకపోతే గొప్పంతా మెషీన్‌దే అనుకుంటాం. మొలకల్ని కుండీల్లో వేసి, మూడాకులు వచ్చాక నీళ్ళు ఆపు. ఏది ముందు ఆకు చుట్టుకుందో, మళ్ళీ తడిపితే ఏది తేరుకుందో రాసిపెట్టు.

నీళ్ళు ఏ పూటకాపూట చేసుకో, నిలవ ఉంటే పస తగ్గిపోతుంది. పులుపు నీళ్ళు కాబట్టి ఇనప బకెట్ వద్దు. మెషీన్ దగ్గర వచ్చే ఘాటు వాసన ఓజోన్‌ది, ఊపిరితిత్తులకి చెడ్డది. గదిలో కాకుండా గాలాడే వసారాలో నడుపు. తడి చేత్తో ముట్టుకోకు, పిల్లల్ని దగ్గరికి రానీకు.

దీంతో యూరియా మానేద్దామనుకోకు. 1905లోనే నార్వేలో కరెంటు మెరుపుతో ఎరువు చేసే ఫ్యాక్టరీ పెట్టారు. కరెంటు మరీ ఎక్కువ తినేస్తుందని తర్వాత ఆ పద్ధతే వదిలేశారు.

మొలకలు లెక్కపెట్టే రోజు ముందే చెప్పు. పర్లాకిమిడిలో పొద్దున్నే బస్సెక్కి వచ్చేస్తాను.

మామయ్య