రిలే గరగరలాడుతోంది, ఎల్‌ఈడీ ఇండికేటర్లు నాలుగూ ఒకేసారి వెలుగుతున్నాయి: వైరింగ్ కిట్ మార్చాలా?

మీ ప్రశ్నను బట్టి నాకు అర్థమైనది ఇది. కార్బ్యురేటర్ కాలపు 100 సీసీ బండికి 20 వాట్ల ఎల్‌ఈడీ ఫాగ్ లైట్లు రెండు బిగించి, వాటి రిలేకు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌కు) ట్రిగ్గర్‌ను, అంటే దాన్ని ఆన్ చేసే చిన్న కరెంటును, హెడ్‌లైట్ వైరు నుంచి తీసుకున్నారు. రిలే గరగరమంటోంది, వెలుతురు కూడా అనుకున్నంత లేదు. ఇండికేటర్లు కూడా ఎల్‌ఈడీవి పెట్టాక మరీ వేగంగా కొట్టుకుంటున్నాయి, ఏ వైపు వేసినా నాలుగూ వెలుగుతున్నాయి. వైరింగ్ కిట్ (బండిలోని వైర్లన్నీ కలిపిన కట్ట) మొత్తం మార్చాలని మెకానిక్ అన్నారు. కిట్ మార్చినా ఈ ఇబ్బందుల్లో ఒక్కటి కూడా పోదు, ఎందుకంటే లోపం కిట్‌లో లేదు. చలికాలంలో పాడేరు, లంబసింగి వైపు తిరిగే నా బండికీ, మా బావమరిది బండికీ, మిత్రుల బండ్లు కొన్నింటికీ ఈ పనులు నేనే చేశాను. దాదాపు ప్రతిసారీ చిక్కు ఒకే చోట దొరికింది: కరెంటు లైటు దాకా ఎలా వెళ్తుందో అందరూ చూసుకుంటారు గానీ, అది ఏ దారిన తిరిగి బ్యాటరీకి చేరుతుందో చూసేవారు తక్కువ.

రిలే శబ్దానికి మాత్రం కారణం వేరు. మీ బండి తరానికి చెందిన చాలా కమ్యూటర్ బండ్లలో హెడ్‌లైటుకు కరెంటు బ్యాటరీ నుంచి రాదు. ఇంజిన్ తిరిగేటప్పుడు మాగ్నెటోలోని (ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించే భాగంలోని) లైటింగ్ కాయిల్ నుంచి ఏసీగానే, అంటే దిశ మారుతూ ఉండే కరెంటుగానే వస్తుంది. ఇంజిన్ ఆపి తాళం ఆన్ చేసినప్పుడు హారన్, ఇండికేటర్లు పనిచేసి హెడ్‌లైట్ మాత్రం వెలగకపోతే మీ బండి ఆ రకమేనని తేల్చుకోవచ్చు. రిలే కాయిల్ డీసీ (బ్యాటరీ ఇచ్చే, ఒకే దిశలో వెళ్లే కరెంటు) కోసం చేసినది కాబట్టి ఏసీ ఇస్తే అది సెకనుకు ఎన్నోసార్లు పట్టుకుంటూ వదులుతూ ఉంటుంది, మీరు వింటున్న శబ్దం అదే. అలాగే నడిపితే లోపలి కాంటాక్టులు నిప్పురవ్వలకు కాలి, చివరికి అతుక్కుపోవచ్చు. అప్పుడు స్విచ్ ఆపినా లైట్లు ఆరవు.

అందువల్ల ట్రిగ్గర్‌ను తాళం ఆన్ చేసినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే డీసీ వైరు నుంచి తీసుకోండి. హోండా రంగుల పద్ధతి పాటించే బండ్లలో అది నల్ల వైరు, ఎర్త్ (కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్లే దారి) ఆకుపచ్చ వైరు. నల్లదంటే ఎర్త్ అని అలవాటు పడిన కార్ల ఎలక్ట్రీషియన్లు ఇక్కడే పొరబడతారు కాబట్టి రంగును నమ్మకుండా మల్టీమీటరు పెట్టి రుజువు చేసుకోవాలి. రిలే అడుగున అంకెలు ఉంటాయి: బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజ్ మీదుగా 30కి, 87 నుంచి లైట్లకు, తాళం వైరు నుంచి హ్యాండిల్ మీది చిన్న స్విచ్ మీదుగా 86కు, 85 నుంచి ఎర్త్‌కు కలపాలి. ఐదు పిన్నుల రిలే అయితే మధ్యలో ఉండే 87ఏ పిన్నులో, లైట్లు ఆపి ఉన్నప్పుడు కూడా బ్యాటరీ కరెంటు ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలి, దేనికీ తగలకుండా ఇన్సులేషన్ చేయాలి.

40 వాట్లను 12 వోల్టులతో భాగిస్తే 3.3 ఆంపియర్లు కాబట్టి 5 ఆంపియర్ల ఫ్యూజ్ చాలు. అది ఉండవలసిన చోటు లైట్ల దగ్గర కాదు, బ్యాటరీ టెర్మినల్‌కు సాధ్యమైనంత దగ్గర. ఫ్యూజ్‌కు ముందున్న వైరు ఎక్కడైనా ఒరుసుకుని ఫ్రేముకు తగిలితే దాన్ని కాపాడేది ఏదీ ఉండదు. వైరు మందం 1 చదరపు మిల్లీమీటరు తీసుకుంటే, రానూ పోనూ నాలుగు మీటర్ల పొడవులో పోయేది పావు వోల్టు లోపే. షాపుల్లో లైట్లతో పాటు ఇచ్చే సన్నటి వైరు ఇందులో సగం మందం ఉంటే నష్టం రెట్టింపవుతుంది.

ఇక వెలుతురు తక్కువగా ఉండటం. మా బావమరిది బండికి ఒక షాపులో లైట్లను క్రాష్ గార్డ్‌కు బిగించి, వాటి నల్ల వైర్లను కూడా అదే బోల్టు కింద నొక్కేశారు. లైట్లు వేసి ఉంచి, మీటరు ఒక కొనను బ్యాటరీ మైనస్‌కు, రెండో కొనను లైటు నల్ల వైరుకు ఆనిస్తే 0.9 వోల్టులు చూపింది. అక్కడ దాదాపు సున్నా రావాలి. క్రాష్ గార్డ్ మీద మందపాటి రంగు, బోల్టు కింద తుప్పు, క్లాంపులో రబ్బరు ముక్క, వీటన్నిటినీ దాటుకుని కరెంటు వెనక్కి రావలసి వచ్చింది. రెండు లైట్ల ఎర్త్‌లను కలిపి విడిగా ఒక వైరు వేసి నేరుగా బ్యాటరీ మైనస్‌కు లాగాక అది 0.1కి దిగింది, తేడా కంటికే తెలిసింది. ఫోర్కుకో హ్యాండిల్‌కో బిగించే లైట్లకు ఇది మరీ ముఖ్యం. అక్కడ ఫ్రేమును ఎర్త్‌గా వాడితే కరెంటు స్టీరింగ్ బాల్ రేసుల్లోని (హ్యాండిల్ తిరగడానికి ఉండే బేరింగుల్లోని) గ్రీజు గుండా రావలసి ఉంటుంది.

ఈ పని చేశాక బ్యాటరీకి ఈ భారం మోయగల శక్తి ఉందా అన్నది చూడండి. ఇలాంటి బండ్లలో మాగ్నెటో కరెంటులో బ్యాటరీని చార్జ్ చేసే వాటా చిన్నది. లైట్లు, బ్రేకు లైటు వేసి ఇంజిన్‌ను మధ్యస్థంగా రేజ్ చేసి పట్టుకుని, బ్యాటరీ టెర్మినళ్ల మీద వోల్టేజీ కొలవండి. 13 పైన నిలకడగా ఉంటే ఫర్వాలేదు, 12.5కి దిగి ఇంకా జారుతుంటే లైట్లు బ్యాటరీని తినేస్తున్నట్టే, అప్పుడు ఒక్కోటి 10 వాట్లు ఉండే జతకు మారడం మేలు. పెట్టె మీద రాసిన వాట్లను పట్టించుకోకండి. ఆంపియర్లు కొలిస్తే అందులో సగం కూడా తీసుకోని లైట్లను చూశాను.

ఇండికేటర్లు వేగంగా కొట్టుకోవడం మీ ఫ్లాషర్ (ఇండికేటర్లను వెలిగించి ఆర్పే చిన్న డబ్బా) స్వభావం వల్ల. ఒక్కో వైపు 10 వాట్ల ఫిలమెంటు బల్బులు రెండు, అంటే సుమారు 1.7 ఆంపియర్లు ఉంటాయని లెక్కగట్టి దాన్ని తయారు చేశారు. ఎల్‌ఈడీలు అందులో పదో వంతు తీసుకోవడంతో అది బల్బు మాడిపోయిందనుకుంటుంది. నిజానికి బల్బు పోతే నడిపేవారికి తెలియాలనే ఆ ఏర్పాటు. ఇండికేటరు నిమిషానికి 60 నుంచి 120 సార్ల లోపు వెలిగి ఆరాలన్నది ప్రమాణం. దీనికి కొందరు ప్రతి ఎల్‌ఈడీకి సమాంతరంగా లోడ్ రెసిస్టర్ వేస్తారు. అది పాత బల్బు తినే కరెంటునంతా వేడిగా వృథా చేస్తుంది, ప్లాస్టిక్ ప్యానెల్ పక్కన పెడితే దాన్ని కరిగిస్తుంది. ఎల్‌ఈడీల కోసమే చేసిన ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ కొనడమే నా సలహా. రెండు పిన్నులదైతే ‘బీ’ అన్నది కరెంటు వచ్చే వైపు, ‘ఎల్’ అన్నది స్విచ్ వైపు. తారుమారు చేస్తే పనిచేయదు. మూడో పిన్ను ఉంటే అది ఎర్త్.

ఫ్లాషర్ మార్చినంత మాత్రాన నాలుగూ కలిసి వెలగడం ఆగదు, చాలామంది విసుగెత్తేది ఇక్కడే. మీ మీటరు బోర్డులో ఇండికేటరుకు ఒకే దీపం ఉందని రాశారు. దానికి ఎర్త్ ఉండదు. ఒక కొన ఎడమ లైనుకు, మరో కొన కుడి లైనుకు కలిపి ఉంటుంది. ఎడమ వైపు వేసినప్పుడు కరెంటు ఆ దీపం గుండా వెళ్లి, కుడివైపు బల్బుల ఫిలమెంట్ల మీదుగా ఎర్త్‌కు చేరుతుంది. ఆ కొద్దిపాటి కరెంటుకు 10 వాట్ల ఫిలమెంటు వేడెక్కదు కాబట్టి కుడి బల్బులు ఆరినట్టే కనిపించేవి. ఎల్‌ఈడీకి మాత్రం ఆ కాస్త చాలు, వెలుగుతుంది.

దీనికి కావలసినవి 1ఎన్4007 డయోడ్లు (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగాలు) రెండు, ఖరీదు కొద్ది రూపాయలే. మీటరు దీపం హోల్డరు నుంచి రెండు వైర్లనూ విడదీసి, ఒక్కోదానికి ఒక డయోడు సోల్డర్ చేయండి. డయోడు మీద తెల్ల గీత ఉన్న కొనలు రెండింటినీ కలిపి దీపం ఒక టెర్మినల్‌కు ఇచ్చి, రెండో టెర్మినల్‌ను ఆకుపచ్చ ఎర్త్ వైరుకు కలపండి. అప్పుడు ఏ వైపు వేసినా దీపం వెలుగుతుంది, కానీ ఒక వైపు కరెంటు రెండో వైపుకు దాటలేదు. సోల్డర్ చేసిన చోట హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే ముడుచుకుని పట్టేసే గొట్టం) వేసి, హెడ్‌లైట్ డోములో వేలాడకుండా కట్టేయండి. మూత బిగించే ముందు హ్యాండిల్‌ను రెండు వైపులా చివరి దాకా తిప్పి, వైరు ఎక్కడా లాగకుండా ఉందో లేదో చూడండి.

ఫాగ్ లైట్లను ఇండికేటర్లకు కనీసం జానెడు దూరంలో ఉంచండి, లేకపోతే ఆ తెల్లటి వెలుగులో ఇండికేటరు ఎదుటివారికి కనిపించదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 106వ నిబంధన ప్రకారం ముందు దీపం కాంతి 8 మీటర్ల దూరంలో, 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటిని మిరుమిట్లు గొలపకూడదు. గోడకు 8 మీటర్ల దూరంలో, మీరు బండి మీద కూర్చుని మరొకరితో గోడ మీద గుర్తు పెట్టించండి. కాంతి పై అంచు లైటు ఎత్తు కంటే కిందనే ఆగాలి. పొగమంచులో పనికొచ్చేది కూడా ఆ కిందికి వాలిన కాంతే; పైకి ఎత్తితే మంచే తెల్లగా మెరిసి రోడ్డు కనిపించదు. స్విచ్‌ను ఎడమ గ్రిప్ పక్కన బొటనవేలికి అందేలా బిగించండి, ఘాట్ మలుపులో ఎదురుగా బస్సు వచ్చినప్పుడు చేయి తీయకుండానే ఆర్పగలగాలి.