కుండలో దొరికింది కూరేనా?

సందేహం: హరియాణాలోని ఫర్మానా తవ్వకాల్లో 4,000 ఏళ్లు పైబడిన కుండలో ‘కర్రీ’ ఆనవాళ్లు దొరికాయని ఒక పత్రికలో చదివాను. దాన్ని ‘కూర’ అనవచ్చా? కర్రీ, కూర ఒకే మాటా? – ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: తెలుగులో రాస్తూ ‘కర్రీ’ అనడమేమిటి? వీధివీధినా కర్రీ పాయింట్ బోర్డులు చూసి పిల్లలు అదే అసలు మాట అనుకుంటున్నారు. పత్రికలైనా జాగ్రత్త పడవద్దా? కర్రీ తమిళ ‘కఱి’ నుంచి ఇంగ్లీషుకు వెళ్లిందని పండితులు చాలామంది ఒప్పుకున్నదే. దానితో మన కూరకు చుట్టరికం కలుపుదామంటే మొదటి అచ్చే (అ, ఊ) కలవదు.

నా లెక్కలో కూర అంటే మొదట ఆకు. తోటకూర, చుక్కకూర, పొన్నగంటికూర పొయ్యి ఎక్కకముందే కూరలు. గోగుకూరే గోంగూర. వండినదానికి ఆ పేరు తర్వాత పాకింది. కోడికూర, చేపలకూర ఆ దారిన వచ్చినవే.

శ్రీనాథుడిదని చెప్పే చాటువొకటి ఉంది. పల్నాటి జొన్నకూటితో విసిగి కృష్ణుణ్ణి నిలదీస్తాడు. పూతన చేదు తాగావు, దావాగ్ని మింగావు, సరే. “తింత్రిణీపల్లవయుక్తమౌ నుడుకు బచ్చలిశాకము జొన్నకూటితో” ఒక్క ముద్ద దిగమింగు, నీ పస తెలుస్తుంది అంటాడు. ఆ ‘ఉడుకు’ దగ్గర కాస్త ఆగండి. కూరలాగే శాకానికీ రెండర్థాలు. వట్టి శాకమంటే పచ్చి ఆకూ కావచ్చు. చింతచిగురు చేర్చి, ఉడుకు అనగానే పొయ్యి మీది వంట, దాని పులుపు, వేడి నోటికి తగులుతాయి. ఎన్నిసార్లు చదివినా నాకు ఆ ఒక్క మాట దగ్గరే ఆగాలనిపిస్తుంది.

ఇక ఫర్మానా. పురావస్తు పరిశోధకులు అరుణిమా కశ్యప్, స్టీవ్ వెబర్ కుండలోపల మిగిలిన పిండిరేణువులను మైక్రోస్కోపులో చూశారు. ధ్రువిత కాంతిలో, అంటే ఒకే దిశలో కంపించేలా వడగట్టిన వెలుగులో, పచ్చి రేణువు మీద నల్లని శిలువ గుర్తు కనిపిస్తుంది. ఉడికితే రేణువు ఉబ్బి గుర్తు చెదిరిపోతుంది. రేణువుల ఆకారాన్ని బట్టి అల్లం, పసుపు, వంకాయ అని పోల్చారు. రెండు దుంపలు, ఒక కాయ. ఆకు లేదు! ఆకులో నిల్వపిండి తక్కువ, అది ఈ పద్ధతికి చిక్కడం కష్టం. శ్రీనాథుడి ముద్దను పరీక్షకిచ్చినా జొన్న పలుకుతుందేమో గాని బచ్చలి పలకదు.

ఆకును పట్టాలంటే దాని పైపూతగా ఉండే మైనం వెతకాలి. మట్టికుండ కొవ్వులనూ మైనాలనూ పీల్చుకుని దాచుకుంటుంది. 1991లో రసాయన శాస్త్రవేత్త రిచర్డ్ ఎవర్‌షెడ్ బృందం ఇంగ్లండులోని రాండ్స్ కుండపెంకుల్లో క్యాబేజీ జాతి ఆకు మైనాన్ని గుర్తించింది. అచ్చమైన కూర అంటే అదీ.

వంకాయ కూరగాయే కనుక ఫర్మానాదాన్ని కూర అన్నా తప్పు పట్టను. అయితే ఒకే కుండలో వేర్వేరు రోజుల వంటల గుర్తులు కలిసిపోతాయి. ఆ మూడూ ఒకేసారి ఉడికాయని రేణువులను బట్టి చెప్పలేం. నేనైతే ‘వంట ఆనవాళ్లు’ అని రాస్తాను. కర్రీ అని మాత్రం రాయను.